బలవంతుడి శాంతి, బాలుడి శాంతి

1154 డిసెంబర్ 19న వెస్ట్‌మినిస్టర్‌లో రెండో హెన్రీ ఇంగ్లండ్ రాజుగా పట్టాభిషిక్తుడయ్యాడు. అప్పటికి అతని వయసు 21 ఏళ్లు. నార్మండీ, అంజూ అతని చేతిలోనే ఉన్నాయి. రాణి ఎలినార్ ద్వారా అక్విటేన్ కూడా దక్కింది. అంతకుముందున్న రాజు స్టీఫెన్ అక్టోబర్ 25న కన్నుమూస్తే, గాలి అనుకూలించక హెన్రీ ఆరు వారాల పాటు నార్మండీలోనే ఉండిపోయాడు. అన్నాళ్లు సింహాసనం ఖాళీగా ఉన్నా ఇంగ్లండ్‌లో చెప్పుకోదగ్గ అలజడి రేగలేదు. రాబోయేవాడి బలం అందరికీ తెలుసు.

62 ఏళ్లు గడిచాయి. 1216 అక్టోబర్ 28న అతని మనవడు మూడో హెన్రీకి గ్లోస్టర్‌లో పట్టాభిషేకం చేశారు. పిల్లవాడికి 9 ఏళ్లు. లండన్ ఫ్రెంచి యువరాజు లూయీ గుప్పిట్లో ఉంది. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ దేశంలోనే లేడు. వించెస్టర్ బిషప్ ఒక బంగారు వలయాన్ని తెచ్చి బాలుడి తలమీద పెట్టాడు. ఆ రోజుకు అదే కిరీటం.

తాత, మనవడు ఇద్దరికీ అంతర్యుద్ధంలో చితికిపోయిన రాజ్యమే దక్కింది. చెప్పినమాట వినని కోటలు, వట్టిపోయిన ఖజానా, ఒకరి భూమి మీద ఇంకొకరు కూర్చున్న తగాదాలు, ఓడినవాళ్లను ఏం చేయాలన్న చిక్కు ఇద్దరికీ ఎదురయ్యాయి. చరిత్ర చెప్పేవాళ్లు మొదటి కథను ఘనవిజయంగా, రెండోదాన్ని ఎలాగో గట్టెక్కిన గండంగా చూపడం మామూలు. పక్కపక్కన పెట్టి చూస్తే నాకు వేరే సంగతి కనిపిస్తోంది. తాత తెచ్చిన శాంతి పెద్దది, త్వరగా వచ్చింది. మనవడి పేరుమీద పెద్దలు కుదిర్చిన శాంతి మాత్రం లోతుగా వేరూనింది. బలం లేకపోవడం వల్లే దానికి ఆ లోతు వచ్చింది.

రెండు యుద్ధాల స్వభావాన్ని ముందు వేరుచేసి చూడాలి. 1120లో వైట్ షిప్ అనే ఓడ మునిగి మొదటి హెన్రీ ఏకైక ధర్మసంతానపు కొడుకు చనిపోయాడు. 1135లో రాజూ పోయాక, కూతురు మటిల్డా, మేనల్లుడు స్టీఫెన్ సింహాసనం కోసం తలపడ్డారు. ఎవరు రాజు కావాలన్నదే అక్కడి తగవు. మటిల్డా కొడుకైన రెండో హెన్రీయే స్టీఫెన్‌కు వారసుడని 1153 నవంబర్‌లో వించెస్టర్‌లో ఒప్పుకోవడంతో ఆ తగవు తీరింది. మూడో హెన్రీ తండ్రి జాన్ రాజు మీద బారన్లు, అంటే పెద్ద భూస్వామి ప్రభువులు, చేసిన యుద్ధం అలాంటిది కాదు. రాజు ఎలా ఏలాలన్నదే అక్కడి ప్రశ్న. 1215 జూన్‌లో రన్నీమీడ్ దగ్గర జాన్ ఒప్పుకున్న, రాజు అధికారానికి హద్దులు పెట్టే మాగ్నా కార్టా శాసనాన్ని మూడు నెలలు తిరక్కుండానే పోప్ కొట్టేశాడు. బారన్లు ఫ్రాన్స్ నుంచి లూయీని పిలిపించుకున్నారు. జాన్ చనిపోగానే కోపం సగం చల్లారింది కానీ, ప్రశ్న అలాగే మిగిలింది. 1154లో మనిషి మారితే చాలింది, 1216లో పద్ధతి కూడా మారాల్సి వచ్చింది.

ఇక కోటల సంగతి. స్టీఫెన్ కాలంలో కోట అంటే జనానికి వణుకు. పీటర్‌బరో మఠంలోని సన్యాసి తన వృత్తాంతంలో కొత్త కోటల్లో మనుషుల్ని బంధించి డబ్బు కోసం పెట్టిన చిత్రహింసల్ని, దోచి తగలబెట్టిన ఊళ్లని వరసపెట్టి రాశాడు. కాపాడాల్సిన కోటే కంచె చేను మేసినట్టు ఊళ్లను మేసింది. రెండో హెన్రీ ఏడాది తిరక్కుండా దీన్ని అదుపులోకి తెచ్చాడు. ఫ్లెమిష్ కిరాయి సేనల్ని వెళ్లగొట్టాడు. అనుమతి లేకుండా కట్టిన కోటల్ని పడగొట్టించాడు. యార్క్‌షైర్‌లో తానే రాజన్నట్టు చెలాయించిన అమాల్ ప్రభువు విలియం, హెన్రీ సైన్యంతో రాగానే స్కార్‌బరో కోటను అప్పగించాడు. ఎదురు తిరిగిన హ్యూ డి మోర్టిమర్ 1155 వేసవిలో లొంగిపోయాడు. 1157లో స్కాట్లాండ్ రాజు మాల్కం ఉత్తరాది జిల్లాల్ని తిరిగి ఇచ్చేశాడు.

బాలుడి సలహాదారులకు ఇంత దమ్ము లేదు. పైగా వాళ్ల చిక్కు సొంత పక్షంవాళ్లతోనే వచ్చింది. జాన్ నమ్మి కోటలు అప్పగించిన సేనానులు, రాజు పెద్దవాడయ్యేదాకా ఖాళీ చేసేది లేదని భీష్మించారు. స్కార్‌బరో వదులుకున్న అమాల్ ప్రభువు మనవడే 1221లో బైథమ్ కోటలో తిరగబడ్డాడు. అందరికన్నా మొండిఘటం ఫాక్స్ డి బ్రోటే. జాన్ కిరాయి సేనానిగా మొదలై, 1217లో లింకన్ యుద్ధంలో బాలరాజు గెలుపుకు ముఖ్య కారకుల్లో ఒకడైన మనిషి అతడు. 1224లో డన్‌స్టబుల్‌లో కూర్చున్న రాజ న్యాయమూర్తులు, అతడు అన్యాయంగా జనం భూములు లాక్కున్నాడని వరసగా తీర్పులిచ్చారు. దానికి అతని తమ్ముడు ఏకంగా ఒక న్యాయమూర్తినే ఎత్తుకెళ్లి బెడ్‌ఫర్డ్ కోటలో బంధించాడు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఎనిమిది వారాలు ముట్టడి సాగింది. రాళ్లు విసిరే యంత్రాలతో గోడలు బద్దలు కొట్టారు. చివరికి పెద్ద బురుజు కింద సొరంగం తవ్వి, అందులో నిప్పుపెట్టి గోడ బీటలు వారేలా చేశారు. లోపలి సైనికుల్ని 80 మందికి పైగా ఉరితీశారు. కోటను నేలమట్టం చేశారు.

ఆ ఉరితీతలు కఠినమైనవే, వాటిని నేను సమర్థించను. తీర్పుల్లో ఉన్న సంగతి మాత్రం గమనించాలి. భూమి అన్యాయంగా పోగొట్టుకున్నవాడు రాజు ఆజ్ఞాపత్రం తెచ్చుకుని, 12 మంది ఇరుగుపొరుగు సాక్ష్యంతో తిరిగి పొందే పద్ధతిని తెచ్చింది రెండో హెన్రీయే. స్టీఫెన్ కాలపు కబ్జాల బెడద మనసులో పెట్టుకుని 1166 ప్రాంతంలో అతడు చేసిన ఏర్పాటు అది. మధ్యయుగపు పాలకుల్లో ఇంత మేలు చేసినవాళ్లు అరుదు. అయినా ఆ పద్ధతి రాజు మీద పనిచేసేది కాదు. రాజుకు కోపమొస్తే బారన్ భూమి పోయేది, అడిగే దిక్కు ఉండేది కాదు. జాన్ ఈ సందునే వాడుకుని జనాన్ని పీడించాడు. 1224లో ఆ తాత చట్టమే రాజు పక్షపు సేనాని మెడకు చుట్టుకుంది. సింహాసనాన్ని నిలబెట్టినవాడైనా చట్టానికి లోబడాల్సిందేనని అక్కడ తేలింది. రెండు శాంతుల మధ్య తేడా నాకు ఇక్కడే కళ్లకు కడుతుంది.

ఖజానా విషయంలోనూ ఇదే తేడా. రెండో హెన్రీ తన తాత మొదటి హెన్రీ కాలంలో ఎక్స్‌చెకర్ అనే రాజ ఖజానా శాఖ లెక్కలు ఎరిగిన ఈలీ బిషప్ నైజెల్‌ను పిలిచి వ్యవస్థను మళ్లీ నిలబెట్టించాడు. తొలి ఏళ్ల రాబడి 1130 నాటి దానిలో సగం కూడా లేదు. అయినా ఏటేటా లెక్క రాయడం ఆగలేదు. 1158లో కొత్త నాణేలు వచ్చాయి. అదంతా పైనుంచి కిందికి నడిచిన పని. మూడో హెన్రీ ప్రభుత్వానికి ఆ సౌకర్యం లేదు. యుద్ధంలో ఎక్స్‌చెకర్ మూతపడింది. లూయీని సాగనంపడానికి 10,000 మార్కులు ఒప్పుకున్నారు. చివరికి 1225లో చరాస్తుల విలువలో 15వ వంతు పన్నుగా అడిగినప్పుడు, దానికి బదులుగా మాగ్నా కార్టాను మళ్లీ జారీచేశారు. సుమారు 40,000 పౌండ్లు వచ్చాయి. పన్ను కావాలంటే హక్కుకు హామీ ఇవ్వాలన్న ఈ బేరం తర్వాత ఇంగ్లండ్ పార్లమెంటు చేతిలో ఆయుధమైంది.

ఓడినవాళ్ల పట్ల నడవడిలో ఇద్దరికీ మంచి మార్కులే పడతాయి. స్టీఫెన్ మనిషి రిచర్డ్ డి లూసీని, ఒకప్పుడు స్టీఫెన్ పక్షాన నిలిచిన లెస్టర్ ప్రభువును రెండో హెన్రీ తన ప్రధాన న్యాయాధికారులుగా పెట్టుకున్నాడు. భూముల విషయంలో మాత్రం మొదటి హెన్రీ కాలమే కొలబద్ద అన్నాడు. మధ్యలోని 19 ఏళ్లూ లెక్కలోకి రానట్టే. స్టీఫెన్ ఇచ్చిన భూమి మీద ఒక తరం బతికిన కుటుంబాలకు అది గోరుచుట్టు మీద రోకటిపోటు.

బాలరాజు తరఫున పాలన చేతబట్టిన విలియం మార్షల్‌కు అప్పటికి సుమారు 70 ఏళ్లు. 1152లో న్యూబరీ కోట ముట్టడిలో తండ్రి మాట తప్పితే, తాకట్టుగా ఉన్న ఈ విలియంను ఉరితీస్తామని స్టీఫెన్ మనుషులు బెదిరించారు. కొడుకు పోతే ఇంకొకణ్ణి కనగలనని తండ్రి జవాబు పంపాడు. స్టీఫెన్‌కే మనసొప్పక ఆ పిల్లవాణ్ణి వదిలేశాడు. అంతర్యుద్ధంలో పసివాడి ప్రాణం ఎంత చవకో విలియం చిన్ననాడే చూశాడు. 1217 మే 20న లింకన్‌లో అతని సైన్యం గెలిచాక ఊరినీ, చర్చీలనూ దోచుకుంది. పిల్లాపాపలతో పడవలెక్కి పారిపోబోయిన ఆడవాళ్లు నదిలో మునిగిపోయారు. ఈ మచ్చ ఆ గెలుపు మీద ఉంది, దాన్ని దాచకూడదు. సెప్టెంబర్‌లో లూయీతో కుదిరిన ఒప్పందంలో మాత్రం మార్షల్ పక్షం పగ తీర్చుకోలేదు. తిరుగుబాటుదార్లకు యుద్ధం మొదట్లో ఉన్న భూములు తిరిగి దక్కాయి, ఖైదీలు విడుదలయ్యారు. ఆ సంవత్సరం మొదట్లో మార్షల్ సొంత కొడుకే శత్రుపక్షం నుంచి వెనక్కి వచ్చాడు. ఇంటింటా ఇలాంటి చీలికలుంటే పగకు అంతమెక్కడ?

అసలు సాహసం అంతకు ముందే జరిగింది. పట్టాభిషేకమైన రెండు వారాలకే, 1216 నవంబర్ 12న, బ్రిస్టల్‌లో మార్షల్, పోప్ ప్రతినిధి గ్వాలా మాగ్నా కార్టాను తమ ముద్రలతో మళ్లీ జారీచేశారు. పిల్లరాజుకు సొంత ముద్ర కూడా లేదు. ముందు ఏడాది పోప్ కొట్టేసిన పత్రానికే ఇప్పుడు పోప్ ప్రతినిధి ముద్ర పడింది. రాజును అదుపుచేసే 25 మంది బారన్ల నిబంధనను, పన్నుకు సమ్మతి తీసుకోవాలన్న నిబంధనను తీసేశారన్నది నిజమే. అయినా శత్రువు దేనికోసం కత్తి దూశాడో అదే రాజు తనంతట తాను ఇచ్చేసరికి యుద్ధానికి కారణం కరిగిపోయింది. 1217లో అడవుల శాసనం కూడా తోడైంది. రాజు జింకను వేటాడినవాడి ప్రాణం గానీ, కాలుచేతులు గానీ ఇకపై తీయరాదని అందులో రాశారు. బారన్లకే కాక బీదవాడికీ అందిన మేలు అది.

ఇక్కడొక ఎదురు ప్రశ్న రావాలి. మూడో హెన్రీ పెద్దవాడయ్యాక 1264లో ల్యూయిస్ దగ్గర, 1265లో ఈవ్‌షమ్ దగ్గర మళ్లీ అంతర్యుద్ధం జరగలేదా? జరిగింది. రెండో హెన్రీ మీద 1173లో సొంత కొడుకులే, భార్యతో కలిసి తిరగబడ్డారు. ఇద్దరి శాంతీ కలకాలం నిలవలేదు. తాత గెలుపు అతని వ్యక్తిత్వంలో, అతని వేగంలో ఉంది. అతనితోనే పోయింది. మనవడి కాలపు మాట కాగితం మీద నిలిచింది. 1260లలో కత్తులు దూసుకున్న రెండు పక్షాల్లో ఎవరూ మాగ్నా కార్టా వద్దనలేదు. 1297లో మొదటి ఎడ్వర్డ్ దాన్ని మళ్లీ ధ్రువీకరించాల్సి వచ్చింది. అందులోని కొన్ని నిబంధనలు ఇంగ్లండ్‌లో ఈనాటికీ చట్టంగా ఉన్నాయి.

కాబట్టి అంతర్యుద్ధం తర్వాత గద్దెనెక్కినవాణ్ణి ఎన్ని కోటలు కూల్చాడు, ఎన్ని రోజుల్లో అణిచాడు అని మాత్రమే అడిగితే సరిపోదు. ఓడినవాడి కోరికలో ఉన్న న్యాయాన్ని గుర్తించి తన మాటగా చేసుకున్నాడా, ఆ మాట తన పక్షంవాడికీ వర్తించనిచ్చాడా అని అడగాలి. ఆ రెండు ప్రశ్నలకు సైన్యం, సంపద అన్నీ ఉన్న 21 ఏళ్ల వీరుడి కన్నా, 9 ఏళ్ల పిల్లవాడి వెనుక నిలిచిన ముసలి సేనాని, పోప్ ప్రతినిధి, వాళ్ల తర్వాత వచ్చిన న్యాయమూర్తులు మెరుగైన జవాబు ఇచ్చారు.