గజ్జల్లో బిళ్ళ: పేరు తెచ్చిన పొరపాటు

1931లో పూర్తయిన నిజాంసాగరు నీటితో నిజామాబాదు, బోధను ప్రాంతం చెరకు సీమ అయినది. ఆ తోటల్లో కాలికి చెరకు మోడు గుచ్చుకున్న కూలీకి కొద్ది రోజుల్లో గజ్జలో నొప్పి, వాపు కనిపించడం కద్దు. జనం దానిని "బిళ్ళ కట్టింది" అంటారు. పుస్తకాలు "శోషరస గ్రంథి వాచింది" అంటాయి. ఈ రెండు మాటలూ పరిశీలించదగినవే.

"బిళ్ళ కట్టింది" అనడంలో అది కొత్తగా పుట్టిన రోగమనే భావం ఉన్నది. నిజానికి ఈ కణుపులు అందరికీ ఉన్నవే. ఒక్కొక్క గజ్జలో చర్మం కింద సుమారు పది, లోతున మరికొన్ని ఉంటాయి. కాలు, పిరుదు, బాహ్య జననాంగాలు, బొడ్డుకు దిగువ పొట్ట చర్మం – వీటినుంచి వచ్చే శోషరసాన్ని అవి వడపోసి పైకి పంపుతాయి. పుండులోని సూక్ష్మజీవులు అక్కడ చిక్కినప్పుడు లింఫోసైట్లు వృద్ధిపొంది కణుపు ఉబ్బుతుంది. అంటే కావలివాడు పనిలో ఉన్నాడన్న మాట. కావలివాడినే దొంగ అనుకొని పిసికితే, వాత పెడితే, పాదంలోని అసలు పుండు మరుగున పడుతుంది.

ఇక "గ్రంథి". సంస్కృతంలో ముడి అని దాని అర్థం. ఆ మేరకు తప్పులేదు. కాని లాలాజల గ్రంథి, స్వేద గ్రంథి అని చదివిన విద్యార్థి ఇదీ ఏదో రసాన్ని ఊరిస్తుందనుకుంటాడు. ఇది ఊరించేది కాదు, వడపోసేది. కనుక "కణుపు" అనడమే మేలు. గడ పొడవునా కణుపులున్నట్లే శోషరస నాళాల దారిలో ఇవి ఉంటాయని బోధను రైతుబిడ్డకు వేరే చెప్పనక్కరలేదు.

బోదకాలును గురించి రాసేవారు వాచిన కాలినే చూపి ఊరుకోవడం మరొక లోపం. క్యూలెక్సు దోమ తెచ్చిన ఫైలేరియా పురుగులు ఏళ్ల తరబడి కాపురముండేది శోషరస నాళాల్లో, కణుపుల్లో. కాలు లావెక్కడం చివరి అంకం. 1947లో లెడర్లీ ప్రయోగశాలలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన వెలువడిన డై ఇథైల్ కార్బమజైన్ రక్తంలోని పిల్లపురుగులను నశింపజేస్తుంది. లావెక్కిన కాలిని మాత్రం యథాస్థితికి తేలేదు. 2004 నుంచి మన దేశంలో వ్యాధిపీడిత జిల్లాల్లో ఆరోగ్యవంతులకు సైతం ఈ మాత్రలు పంచడం ఇందుకే. "నా కాలు బాగానే ఉన్నదిగదా" అని మాత్ర పారవేసేవానికి ఈ కారణం చెప్పని కరపత్రం సగం పనే చేసినట్లు.

గట్టిగా, నొప్పిలేకుండా పెరిగే బిళ్ళను, నాలుగు వారాలకూ తగ్గని బిళ్ళను, జ్వరంతో మనిషి చిక్కిపోతున్నప్పుడు కనిపించే బిళ్ళను వైద్యునికి చూపించి తీరాలి. క్షయ, సుఖవ్యాధి, కాన్సరు కూడా అక్కడ బయటపడవచ్చు. మిగతా వేళల్లో ఆరోగ్య రచన నేర్పవలసిన మొదటి పాఠం ఇది: గజ్జలో బిళ్ళ కనిపిస్తే ముందు పాదం చూడాలి.