ఏం చేయాలో తేల్చే శాస్త్రం: పూర్వమీమాంస

ఏది ఉంది, దాన్ని ఎలా తెలుసుకుంటాం అన్న ప్రశ్నలతో మన దర్శనాలు చాలావరకు తలమునకలయ్యాయి. ఏం చేయాలి అన్న ఒక్క ప్రశ్న మీద పూర్తి శాస్త్రాన్ని నిర్మించింది పూర్వమీమాంస. దాని మూలగ్రంథం జైమిని పేరున ఉంది, అందులో 12 అధ్యాయాలు, సుమారు 2,700 సూత్రాలు ఉన్నాయి. శబరస్వామి వాటికి భాష్యం రాశాడు. ఏడో శతాబ్దం ప్రాంతంలో కుమారిలభట్టు, ప్రభాకరుడు ఆ భాష్యాన్ని చెరో దారిలో వ్యాఖ్యానించడంతో భాట్ట, ప్రాభాకర సంప్రదాయాలు ఏర్పడ్డాయి. ఇందులో యజ్ఞాల తంతు తప్ప ఏమీ లేదని పక్కన పెట్టేయడం మామూలైపోయింది. అది అన్యాయం. కర్తవ్యం గురించి క్రమశిక్షణతో ఆలోచించడం ఎలాగో ఇంత వివరంగా నేర్పిన శాస్త్రం ప్రపంచంలోనే అరుదు.

ఈ శాస్త్రంలో ప్రతి చర్చా ఒక అధికరణం. ముందు విషయం, దానిమీద సంశయం, తర్వాత పూర్వపక్షం, అంటే ఎదుటి వాదం, ఆపైన సిద్ధాంతం. ఆ నిర్ణయం వల్ల ఆచరణలో తేడా ఏమిటో, ముందరి చర్చతో దానికి పొత్తు ఏమిటో కూడా చెప్పాలి. పూర్వపక్షాన్ని నీరుగార్చి ఖండించడం ఇక్కడ గొప్ప కాదు. శబరభాష్యంలో ఎన్నోచోట్ల పూర్వపక్షం చదువుతుంటే ఇదే సిద్ధాంతమేమో అనిపిస్తుంది.

విధివాక్యం ఎదురైనప్పుడు మీమాంసకుడు మూడు ప్రశ్నలు వేస్తాడు: దేన్ని సాధించాలి, దేనితో సాధించాలి, ఎలా సాధించాలి. ఆ తర్వాత అది ఏ రకం విధి అని చూస్తాడు. ఇందుకు శాస్త్రం యాగానికి తెచ్చిన వడ్లనే ఉదాహరణగా తీసుకుంటుంది. వాటిమీద నీళ్లు చల్లమని చెప్పిన వాక్యం లేకపోతే ఆ పని చేయాలని ఎవరికీ తెలియదు, అది అపూర్వవిధి. దంచమని చెప్పిన వాక్యం సంగతి వేరు. పొట్టు తీయడానికి గోళ్లతో ఒలవచ్చు, రోకటితో దంచవచ్చు. ఉన్న దారుల్లో ఒకదాన్ని ఖాయం చేస్తోంది కాబట్టి అది నియమవిధి. ఇక మూడోది పరిసంఖ్య. అయిదు గోళ్లున్న జంతువుల్లో ఫలానా అయిదింటిని తినవచ్చు అన్న వాక్యం వాటిని తప్పక తినమని చెప్పడం లేదు, మిగతావాటిని మానమంటోంది. వాక్యం పైకి అనుమతిలా ఉన్నా దాని పని నిషేధం.

వాక్యాలు ఒకదానికొకటి అడ్డుపడితే ఏది గెలవాలో చెప్పడానికి ఒక వరుస ఉంది: శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య. ముందున్నది వెనకదానికంటే బలమైనది. ఒక మంత్రంలో ఇంద్రుడి స్తుతి ఉంది. మంత్రార్థాన్ని బట్టి, అంటే లింగాన్ని బట్టి, దాన్ని ఇంద్రుడికే వాడాలి. కానీ దానితో గార్హపత్యాగ్నిని ఉపాసించమని సూటిగా చెప్పిన శ్రుతి ఉంది. సూటిగా చెప్పిందే చెల్లుతుంది, ఎందుకంటే లింగం నుంచి విధిని ఊహించుకోవాలి, శ్రుతి దగ్గర ఊహించే పనే లేదు. రెండు వాక్యాలూ సమాన బలంతో ఢీకొంటే వికల్పం, అంటే ఏదైనా చేయవచ్చు. దాన్ని మాత్రం ఆఖరి దిక్కుగానే వాడారు. వికల్పం ఒప్పుకుంటే ఎనిమిది దోషాలు వస్తాయని లెక్కగట్టి మరీ దాన్ని దూరం పెట్టారు.

ఈ సంప్రదాయం లోతు తెలిసేది శ్యేనయాగం చర్చలో. శత్రువును చంపదలచినవాడికి ఆ యాగాన్ని వేదమే చెప్పింది. వేదం చెప్పింది ధర్మమైతే, హత్య కోసం చేసే యాగమూ ధర్మమేనా? కాదంటాడు శబరుడు. జైమిని ధర్మాన్ని నిర్వచిస్తూ అది శ్రేయస్సు కలిగించేది కూడా కావాలన్నది ఇలాంటివాటిని తొలగించడానికే. హింసించమని వేదం చెప్పలేదు, హింసించాలనుకున్నవాడికి ఉపాయం చెప్పింది, అంతే. కుమారిలుడి దృష్టిలో దోషం ఆ యాగం ఇచ్చే ఫలంలో ఉంది. ఏ ప్రాణినీ హింసించరాదన్న సాధారణ నిషేధం ఆ ఫలానికి తగులుతుంది. ప్రభాకరుడి ప్రకారం అక్కడ మనిషిని నడిపిస్తున్నది కోరిక, విధి కాదు. మరో మీమాంసకుడు మండనమిశ్రుడు ఇంకో అడుగు వేశాడు. విధి అంటే ఇష్టఫలానికి ఇది సాధనం అని తెలపడమే అన్నాడు. అలాగైతే శత్రునాశనం అనే చిన్న ఇష్టం కోసం అంతకంటే పెద్ద అనర్థాన్ని తెచ్చుకునే పనికి వివేకి పూనుకోడు.

మనిషిని పనికి పురికొల్పేది ఆజ్ఞా, మేలు కలుగుతుందన్న తెలివా? నీతితత్వంలో ఇప్పటికీ తెగని ప్రశ్న ఇదే. 1785లో తత్వవేత్త కాంట్ షరతుతో కూడిన ఆదేశాన్నీ షరతు లేని ఆదేశాన్నీ వేరుచేసినప్పుడు ఆయన ముందున్న చిక్కు కూడా దీనికి దగ్గరిదే. ఒకే వాక్యం మీద ముగ్గురు ఆచార్యులు ఒకే నిర్ణయానికి మూడు దారుల్లో చేరడం శ్యేనయాగం చర్చలో అన్నిటికంటే విలువైన పాఠం.

ఈ పద్ధతి యజ్ఞశాల దాటి కోర్టుకూ వెళ్లింది. ఒక్కగానొక్క కొడుకును దత్తత ఇవ్వరాదని వసిష్ఠుడి ధర్మసూత్రం చెప్పి, అతడు వంశాన్ని నిలపాలి అని కారణం కూడా చెప్పింది. మద్రాసు హైకోర్టు నుంచి ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లిన బాలుసు గురులింగస్వామి, బాలుసు రామలక్ష్మమ్మల వ్యాజ్యంలో, దానితోపాటు విన్న అలహాబాదు వ్యాజ్యంలో ఇదే ప్రశ్న. కారణం చెప్పిన వాక్యం విధి కాదు, అర్థవాదం, అంటే విధిని సమర్థించే పొగడ్త మాత్రమే అన్న జైమిని న్యాయం ఆ సందర్భంలో చర్చకు వచ్చింది. అసలు అధికరణంలో ఉన్నది చేటతో హోమం చేయమన్న వాక్యం. చేట వల్ల అన్నం సిద్ధమవుతుంది అని పక్కనే ఉంది కదా అని, అన్నానికి పనికొచ్చే ప్రతి పాత్రతోనూ హోమం చేయకూడదని అక్కడ తేల్చారు. 1899లో ప్రివీ కౌన్సిల్ ఆ దత్తత చెల్లుతుందని తీర్పిచ్చింది. స్మృతుల్లో నీతిబోధ ఎక్కడ ముగుస్తుందో, చట్టం ఎక్కడ మొదలవుతుందో విడదీయక తప్పదని ఆ వ్యాజ్యం చూపించింది. కిశోరీలాల్ సర్కార్ 1905 నాటి టాగోర్ న్యాయోపన్యాసాల్లో ఈ న్యాయాలన్నిటినీ హిందూ చట్టానికి అన్వయించి చెప్పాడు. 2015లో వియన్నా పరిశోధకులు అగాతా చియాబత్తోని, ఎలీసా ఫ్రెస్కీ బృందం మీమాంస న్యాయాల ఆధారంగా ఒక విధితర్కాన్ని గణిత రూపంలో ప్రకటించింది.

ఈ శాస్త్రం తన పద్ధతితోనే తప్పుదారి పట్టిన చోటు కూడా ఉంది. యాగం చేసే అర్హత ఎవరికి అన్న ఆరో అధ్యాయం చర్చలో స్త్రీలకు అధికారం లేదన్న పక్షాన్ని జైమిని తోసిపుచ్చాడు. నాలుగు వర్ణాలకూ అధికారం ఉందన్న బాదరి అనే ఆచార్యుడి మాటను మాత్రం నిరాకరించాడు. అగ్న్యాధానానికి, అంటే యాగాగ్నిని నెలకొల్పడానికి, వసంతం బ్రాహ్మణుడికి, గ్రీష్మం క్షత్రియుడికి, శరత్తు వైశ్యుడికి అని ఉంది, శూద్రుడికి ఋతువు చెప్పలేదు అన్నది అందుకు ప్రధాన కారణం. వాక్యాల మధ్య పొత్తు కుదర్చడంలో తిరుగులేని తర్కం, ఆ వాక్యం న్యాయమా అని అడగనే లేదు. బాదరి మాట పూర్వపక్షంగానే మిగిలిపోయింది. ఈ లోపాన్ని దాచి మీమాంసను పొగడటం మీమాంసకు మర్యాద కాదు.

కొత్తగా చదవదలచినవారు సూత్రాలతో మొదలుపెడితే దారి తప్పుతారు. లౌగాక్షి భాస్కరుడి అర్థసంగ్రహం చిన్న పుస్తకం. విధుల రకాలు, బలాబలాల వరుస అందులో క్రమంగా ఉన్నాయి. అది ముగించి శబరభాష్యంలో ఏ ఒక్క అధికరణమైనా పూర్వపక్షంతో సహా ఓపిగ్గా చదవండి.