పప్పు లెక్కలో ఆదాయం చదివేవాళ్లు

ఇంటి అప్పు అడిగింది ఉద్యోగి అయితే సంగతి తేల్చడం కొంత తేలిక. జీతం చీటీలు, ఫారం 16, 6 నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ఉంటాయి. చీటీలోని మొత్తం ఖాతాలో పడిందా, కోసిన పన్ను ఆదాయపు పన్ను శాఖ ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తోందా అని సరిచూసి, ఆఫీసుకు ఫోన్ చేస్తే చాలావరకు తేలిపోతుంది.

అసలు పనితనం బయటపడేది టిఫిన్ సెంటర్ నడిపే మనిషి దగ్గర. చాలాసార్లు ఐటీ రిటర్నులుండవు, గల్లాపెట్టె మాత్రం ఉంటుంది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ క్రెడిట్ ఆఫీసరు అక్కడికే వస్తాడు. మంచి ఆఫీసరు "నెలకెంత వస్తుందమ్మా?" అని మొదలుపెట్టడు. "మినప్పప్పు రోజూ ఎన్ని కిలోలు నానబోస్తారు? 19 కిలోల సిలిండరు ఎన్నాళ్లొస్తుంది? వానాకాలంలో బేరం తగ్గుతుందా?" అంటాడు. పప్పు లెక్కకూ ప్లేట్ల లెక్కకూ పొంతన చూస్తాడు. కిరాణా బిల్లులు తిరగేస్తాడు, పక్క కొట్టువాళ్లను పలకరిస్తాడు. సరుకు, అద్దె, కూలి, ఇంటి ఖర్చు, పాత వాయిదాలు తీసేశాక మిగిలినదాంట్లో ఈఎంఐ ఇముడుతుందో లేదో కాగితం మీద పెడతాడు.

ఇలాంటి ఆఫీసరంటే నాకు ఎంతో గౌరవం. ఆదాయం ఎక్కువ రాస్తే ఆ కుటుంబం ఏళ్ల తరబడి వాయిదాల కింద నలుగుతుంది. తక్కువ రాస్తే అప్పు దొరక్క వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కుతుంది. రసీదు లేని కష్టాన్ని నమ్మదగిన అంకెగా మార్చాలంటే ఓపిక కావాలి, ఎదుటివాళ్లను చిన్నబుచ్చకుండా అడిగే నోరు కావాలి. జనం నిలబడి ఉన్నప్పుడు ఆదాయం మాట ఎత్తకుండా, ఓ ప్లేటు ఇడ్లీ తింటూ, ఎన్ని పార్సిళ్లు కడుతున్నారో లెక్కపెట్టుకునే ఆఫీసర్లున్నారు.