ఆటోనగర్ లేత్ మేస్త్రి

హైదరాబాద్‌లో ఎల్బీ నగర్ దాటి విజయవాడ హైవే మీద కాస్త ముందుకెళ్తే ఆటోనగర్. లారీల మరమ్మతుకు పేరుపడ్డ ఆ పేటలో నేను అందరికంటే ఎక్కువ గౌరవించేది లేత్ మేస్త్రిని. ఇంట్లో సరదాకి చిన్న లేత్ పెట్టుకునేవాళ్లకి ఆయన పనే పాఠం.

కడ్డీ ఒక కొస లావుగా, ఇంకో కొస సన్నగా తెగుతోందా? ఆయన ముందు బెడ్ సంగతి చూస్తాడు. జానెడు కడ్డీని టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా చక్‌లో బిగించి, రెండు చివర్లా పలచగా కోసి మైక్రోమీటర్ పెడతాడు. కొలతల్లో తేడా వస్తే చాలాసార్లు బెడ్ మెలితిరిగిందన్నమాటే. లేత్ కాలి కింద పల్చటి రేకు ముక్క దూర్చి, బోల్టు బిగించి మళ్లీ కోస్తాడు. ఆ ఓపికే అసలు విద్య.

టూల్ ఎత్తు చూసే తీరు ఇంకా అందం. కడ్డీకీ టూల్ మొనకీ మధ్య సన్నటి స్టీలు స్కేలు పెట్టి మెల్లగా నొక్కుతాడు. నిట్టనిలువుగా నిలిస్తే ఎత్తు సరి. పైకొస మనవైపు వాలితే టూల్ కిందికి ఉన్నట్టు. పైసా ఖర్చు లేని పరీక్ష!

కడ్డీ మీద అలల్లా గీతలు పడితే టూల్ మరీ బయటికి చాచి ఉందేమో, స్లైడు జిబ్ స్క్రూలు వదులయ్యాయేమో చూస్తాడు.

మినీ లేత్ కొనబోయేవాళ్లకు నా మనవి: ముందు ఒక పూట ఇలాంటి మేస్త్రి దగ్గర నిలబడి చూడండి. గ్లౌజులు, వదులు చొక్కా మాత్రం వేసుకోవద్దు. తిరిగే చక్ లాగేస్తుంది.