పెనుగొండా, పెనుకొండా?

పక్కింటి కుర్రాడు వాళ్ళక్క పెళ్ళికి శుభలేఖలు పంపే పని నెత్తినేసుకున్నాడు. సోమవారం పొద్దున్నే పిట్టగోడ దూకి వచ్చి, "తాతగారూ, మీ ఇంటి డిజిపిన్ ఎంతండీ?" అన్నాడు. గోడ దూకి వచ్చినవాడికి మా చిరునామా కావాలట!

తపాలా శాఖ 2025 మేలో తెచ్చిన కొత్త సరుకిది. దేశాన్నంతా నాలుగు మీటర్లకి నాలుగు మీటర్ల గళ్ళుగా కోసి, గడికి పదేసి చొప్పున అక్షరాలూ అంకెలూ కలిపి ఇచ్చారు. హైదరాబాదు ఐఐటీ వాళ్ళూ, ఇస్రో వాళ్ళూ చెయ్యేశారట. కుర్రాడు ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగి చూపించాడు. అరుగుకొకటి, నూతికొకటి, దొడ్లో పనసచెట్టుకి ఇంకొకటి. పనసచెట్టుకి ఉత్తరం ఎవడు రాస్తాడ్రా అంటే, "ఆయ్, రాయొచ్చండి" అన్నాడు.

అంకెలంటే నాకెంత మంటో ఈ కాలమ్ చదివేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. చిరునామా రాయడం ఒక విద్య. అది మా బాబాయికి పట్టుబడింది. అరుగు మీద బాసింపట్టు వేసుకుని, కార్డు ఒళ్ళో పెట్టుకుని, 'మ.రా.రా.శ్రీ' అని మొదలెట్టేవాడు. ముత్తయిదువైతే 'లక్ష్మీసమానురాలైన', భర్త పోయినావిడైతే 'గంగాభాగీరథీ సమానురాలైన'. కార్డు చూస్తే చాలు, ఇంట్లో ఎవరున్నారో ఎవరు లేరో పోస్టుమానుకి తెలిసిపోయేది. (అదంతా బాగుండేదని అనను. ఆ రెండో బిరుదు చూసినప్పుడల్లా మా నాయనమ్మ కార్డు బోర్లా పెట్టేసేది.) ఆ కింద ఊరు, ఊరి కింద గీత, గీత కింద 'వయా అంబాజీపేట'. కోనసీమలో ఊరి పేరు సగం చిరునామాయే. సంచీ ఎక్కడ దిగుతుందో ఆ 'వయా' చెప్పాలి.

1971లో మా అక్కకి పాలకొల్లు సంబంధం కుదిరింది. వారం ముందే రమ్మని పెనుగొండలో ఉన్న మేనత్తకి రాయాలి. పొరుగు జిల్లాకి వెళ్ళే ఉత్తరం మీద ఇంగ్లీషులో రాస్తే తొందరగా చేరుతుందని బాబాయి నమ్మకం. ఆయన 'జి' పుట్టుకతోనే 'కె'లా ఉండేది. పైగా జిల్లా పేరు రాయడం నామోషీ. వాసవమ్మ ఊరు తెలియనివాడుంటాడా అని ఆయన ధీమా.

ఉత్తరం తిన్నగా అనంతపురం జిల్లా పెనుకొండ వెళ్ళింది. రాయలవారి కోట చూసుకుని రెండు వారాలకి మా ఇంటికే తిరిగొచ్చింది. 'పెనుగొండలో చూడండి' అని ఎవరో పుణ్యాత్ముడు ఎర్రసిరాతో రాశాడు. అప్పటికి పెళ్ళి అయిదు రోజులుంది. ఇక టెలిగ్రాం ఇవ్వక తప్పలేదు. తంతి తపాలా శాఖలో తంతి అంటే తీగ. మావాళ్ళకి మాత్రం అది తన్నేదే. టెలిగ్రాం మనిషి గుమ్మంలోకి రాగానే మేనత్త వాకిట్లో కూలబడి శోకాలు మొదలెట్టింది. వీధి వీధంతా మూగింది. ఇంగ్లీషు వచ్చినాయన్ని పిలుచుకొచ్చి చదివించేసరికి, అది పెళ్ళి కబురు. పెళ్ళికొచ్చి మూడు రోజులు బాబాయితో మాట్లాడలేదావిడ.

ఆ తంతీ తపాలా మొదట్లో వేరు కాపురాలే. 1854లో దూరంతో పని లేకుండా అర్ధణా బిళ్ళతో ఉత్తరాలు నడిపించిన తపాలా ఒకటి, తీగలు లాగిన శాఖ ఇంకొకటి. 1914లో కలిపారు, 1985లో మళ్ళీ విడగొట్టారు. తంతి 2013 జూలై 14తో కన్నుమూసింది.

మా ఉత్తరం దారి తప్పిన మరుసటి ఏడాదే, 1972 ఆగస్టు 15న, పిన్‌కోడ్ వచ్చింది. ఒకే పేరున్న ఊళ్ళు, ఒకలా వినిపించే ఊళ్ళు, తలా ఒక లిపిలో రాసే జనం, ఈ గోల తీర్చడానికే అది. పథకం వేసినాయన శ్రీరామ్ భికాజీ వేలంకర్, సంస్కృత కవి! మా బాబాయి మాత్రం "ఊరికి నంబరేంట్రా, ఖైదీకిలాగా" అని చచ్చేదాకా రాయలేదు. నాకూ అదే అబ్బింది.

అయితే కుర్రాడి కోసం ఈ వారం ఎనభై కవర్లు రాశాను. రాస్తుంటే అనుమానం మొదలైంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు మార్చినప్పుడు గోదారికి పడమటి గట్టున ఉన్న కొవ్వూరు, నిడదవోలు తూర్పుగోదావరి అయిపోయాయి. వాటి పిన్ మాత్రం పాత పశ్చిమగోదావరి 534తోనే మొదలవుతుంది. అమలాపురం కొత్త జిల్లాకి ముఖ్యపట్టణమైంది, 533ని వదల్లేదు. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళది, ఆనక పుదుచ్చేరిది. పుదుచ్చేరి పిన్ 605తో మొదలైతే, యానాం పిన్ 533464. ఏలుబడి ఎవరిదైతేనేం, సంచీ మావైపు నుంచే పోవాలిగా. పేరు పెట్టి పిలిచే నేనే ఏ ఊరు ఏ జిల్లాలో ఉందో కుర్రాణ్ణి అడిగి రాశాను. యాభయ్యేళ్ళు తిట్టిన అంకెలు దగ్గరుండి సర్దిచెప్పాయి. ఎనభై కవర్ల మీదా పిన్ రాశాను. 'వయా' కూడా రాశాననుకోండి.

కవర్లు కట్టగట్టి ఇస్తూ, ఆ డిజిపిన్ ఇంకోసారి తియ్యమన్నాను. బాబాయికి లంకలో పొగాకు చేలో పాకొకటి ఉండేది. వేసవి ఉత్తరాలు ఆయన అక్కడే రాసేవాడు. ఆ లంక కోతకి గురై నిజంగానే గంగలో కలిసిపోయి ఇరవయ్యేళ్ళు దాటింది. రేవు దగ్గర్నుంచి కొలతేసి ఇక్కడ నొక్కు అన్నాను. పటంలో అంతా నీళ్ళే.

"నీళ్ళలో కూడా వస్తదండీ" అన్నాడు కుర్రాడు. పదీ వచ్చాయి. చిరునామాల డైరీ తీసి, బాబాయి పేరున్న పేజీలో రాసుకున్నాను.