సాయం లేకుండా ఆగాలి

పాత జీపుకు బ్రేకు వేయడమంటే ఒంటి బరువంతా కుడికాలి మీద మోపడమే. పాడేరు, మారేడుమిల్లి వైపు తిరిగినవాళ్లు ఘాట్ దిగొచ్చిన డ్రైవర్లను చూసే ఉంటారు. టీ కొట్టు బల్ల మీద కూలబడి, గ్లాసు అందుకునే ముందు తొడ రుద్దుకుంటారు. ఆ బండ్లలో పెడల్‌కీ చక్రానికీ మధ్య బ్రేక్ ఆయిల్ తప్ప ఇంకెవరి సాయమూ ఉండదు.

నా దగ్గరున్నదీ అలాంటిదే. పెట్రోల్ ఇంజన్ దించి డీజిల్ ఎక్కించిన సీజే-3బీ. విల్లిస్ వాళ్లు 1953లో తెచ్చిన నమూనా అది. అమెరికాలో 1968లో ఆగిపోయినా, మహీంద్రా వాళ్లు మన దగ్గర ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు తయారు చేశారు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. మాస్టర్ సిలిండర్ డ్రైవరు కాళ్ల కింద, చాసిస్‌కు బిగించి ఉంటుంది. అందులో ఒకటే గది కాబట్టి ఎక్కడ ఒక్క పైపు కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది.

ఇలాంటి బండిని ఆటోనగర్‌కు తీసుకెళ్తే మొదట వినిపించే సలహా ఒకటే: "బూస్టర్ పెట్టించెయ్యండి సార్, వేలితో నొక్కితే ఆగుద్ది." నేనూ పెట్టాను, ఇంటి షెడ్డులోనే. పెట్టాక నాకు స్థిరపడిన అభిప్రాయం మాత్రం ఆ సలహాకు కాస్త ఎదురుగా ఉంటుంది. పవర్ బ్రేకు బాగా కుదిరిందో లేదో, ఆ పవర్ లేనప్పుడు బండి ఎలా ఆగుతుందో చూసి చెప్పాలి.

బూస్టర్ చూడటానికి మూతేసిన రేకు పళ్లెంలా ఉంటుంది. లోపల అడ్డంగా ఒక రబ్బరు పొర. దానికి రెండు వైపులా గాలి తీసేసి ఉంచుతారు. పెడల్ తొక్కగానే చిన్న వాల్వు తెరుచుకుని వెనక వైపుకు బయటి గాలి వస్తుంది. అప్పుడు పొరను నెట్టేది మన చుట్టూ ఉన్న వాతావరణమే. చదరపు సెంటీమీటరుకు దాదాపు కిలో చొప్పున నొక్కుతుంది. 9 అంగుళాల పొర వైశాల్యం 410 చదరపు సెంటీమీటర్లు. లోపలి గాలిలో 70 శాతం తీసినా 280 కిలోలకు పైగా తోపు వస్తుంది. 1920లలో బెల్జియం ఇంజనీరు ఆల్బర్ట్ దెవాండ్ర్ రూపొందించిన ఈ ఉపాయం కార్లలో ఇప్పటికీ నడుస్తోంది.

పెట్రోల్ బండికైతే ఇంజన్ పీల్చే గాలి దారిలోనే ఈ వాక్యూమ్ దొరుకుతుంది. పాత డీజిల్ ఇంజన్‌కు గాలిని అడ్డే త్రాటిల్ లేదు కాబట్టి అక్కడ వాక్యూమ్ పుట్టదు. అందుకే వెనకాల పంపు ఉన్న ఆల్టర్నేటర్ వెతుక్కోవాలి. ఆ పంపుకు ఇంజన్ ఆయిల్ వెళ్లాలి, మళ్లీ సంపులోకి రావాలి. వచ్చే పైపు లావుగా, కిందికి వాలుగా ఉండాలి. సన్న పైపు వేసి మెలికలు తిప్పితే ఆయిల్ పంపులోనే నిలిచిపోతుంది.

తర్వాతి చిక్కు చోటు గురించి. పాత సిలిండర్ ఉన్నచోటే, ఫ్లోర్ కింద, బూస్టర్ ఇరికించవచ్చు. కానీ అది ఊపిరి పీల్చేది పెడల్ వైపు నుంచి. వాగు దాటితే గాలికి బదులు బురద నీళ్లు పీలుస్తుంది. అందుకని నేను వేలాడే పెడల్ వేసి, బూస్టర్‌ను ఇంజన్ గదికి అడ్డంగా ఉండే రేకు మీదికి ఎక్కించాను. ఆ రేకు పల్చన. వెనక మందపాటి ప్లేటు వెయ్యకపోతే తొక్కినప్పుడల్లా వంగుతుంది, కాలి బలం సగం దానికే పోతుంది.

అసలు మెలిక ఆ వేలాడే పెడల్‌లోనే ఉంది. బూస్టర్ లేని బండ్లలో పెడల్ కాలి బలాన్ని సుమారు ఆరింతలు చేస్తుంది. బూస్టర్ బండ్ల పెడల్ నాలుగింతల దగ్గర ఆగుతుంది, మిగతాది బూస్టర్ చూసుకుంటుందని. 30 కిలోల బలంతో తొక్కితే పాత పెడల్ 180 కిలోలు ఇచ్చేది, కొత్తది 120 ఇస్తుంది. అంటే వాక్యూమ్ పోయిన రోజున మన బండి పాత జీపులా కూడా ఉండదు, దానికంటే మొండికేస్తుంది. ఈ లెక్క తెలిశాక పెడల్ పొడవు, సిలిండర్ బోరు ఊరికే ఎంచుకోలేం. సిలిండర్ మాత్రం రెండు గదులదే వెయ్యాలి.

బూస్టర్‌కు మంచీ చెడూ తెలియవు. కింద ఏముంటే దాన్నే పెంచుతుంది. ఒక వీల్ సిలిండర్ పట్టేసి ఉంటే, కాలితో తొక్కే రోజుల్లో బండి కొంచెం పక్కకు లాగేది. ఇప్పుడు ఒక్కసారిగా లాగుతుంది. 80 అంగుళాల వీల్‌బేస్ ఉన్న పొట్టి బండి ఇది. దిగుడులో బరువు ముందుకు వాలినప్పుడు గట్టిగా తొక్కితే వెనక చక్రాలు గులకరాళ్ల మీద ఇట్టే జారతాయి. కాబట్టి బూస్టర్ కొనేముందే డ్రమ్ములు విప్పి లేత్ మీద చూపించాలి, నాలుగింటికీ లైనర్లు ఒకేసారి మార్చాలి, తుప్పు పట్టిన పైపులు తీసేయాలి. వంచడం తేలికని రాగి పైపు వేస్తారు కొందరు. అదురుకు రాగి గట్టిపడి చిట్లుతుంది. స్టీలు పైపే వేసి, కొసలు రెండు మడతలుగా విప్పించాలి.

గాలి తీయడం ఇద్దరి పని. మా అబ్బాయి పైన, నేను కింద. "తొక్కు నాన్నా... పట్టు... ఆఁ, వదులు." ఇంజన్ ఆపి, సిలిండర్‌కు దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాలి. బుడగలు ఆగేదాకా ఓపిక తప్ప వేరే ఉపాయం లేదు.

బూస్టర్ కడ్డీకీ సిలిండర్ పిస్టన్‌కీ మధ్య సందు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు. అది కూడా లేకుండా బిగిస్తే ఆయిల్ వెనక్కి రాదు, లైనర్లు రాసుకుంటూనే ఉంటాయి, డ్రమ్ములు కాలి చక్రాలు పట్టేస్తాయి.

చివర్లో పరీక్షలు. ఇంజన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా తొక్కి, అలాగే నొక్కిపట్టి స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టే. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. రెండోది ఖాళీ స్థలంలో, మట్టం నేల మీద, నడక వేగంలో చేయాలి: ఇంజన్ ఆపి, వాక్యూమ్ అంతా ఖాళీ చేసి, మనుషులు తోస్తుంటే వట్టి కాలితో ఆపి చూడటం. ఆగకపోతే పని మళ్లీ మొదటికి. ఆగినా, రోడ్డెక్కే ముందు బ్రేకు పని తెలిసిన ఇంకొకరు ప్రతి జాయింటూ చూడాలి. మనం బిగించింది మన కంటికి ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది.

బండి మారాక మనిషి అలవాటు కూడా మారాలి. డీజిల్ మిగులుతుందని ఘాట్‌లో ఇంజన్ ఆపేసి దించే పద్ధతి పాత డ్రైవర్లలో ఉంది. బూస్టర్ లేని జీపులో ఇంజన్ ఆగినా బ్రేకు బలం తగ్గేది కాదు. ఇప్పుడు ఇంజన్ ఆగితే బూస్టర్‌లో మిగిలేది రెండు మూడు తొక్కుళ్లకు సరిపడా వాక్యూమే. ఫ్యాన్ బెల్ట్ తెగితే ఒకప్పుడు ఇంజన్ వేడెక్కేది, ఛార్జింగ్ ఆగేది. ఇప్పుడు బ్రేకు సాయమూ ఆ బెల్ట్ మీదే ఆధారపడింది. అందుకే జీపు ఎవరికైనా ఇచ్చేటప్పుడు తాళంతో పాటు రెండు మాటలు చెబుతాను: బయల్దేరే ముందు బెల్ట్ చూసుకో, దిగుడులో ఇంజన్ ఆపకుండా రెండో గేరులోనే దిగు.