క్యాంపు కాలపు కథనాలు: పోలీసు చర్య అనంతర తెలంగాణ - సాహిత్య సాక్ష్యం

ప్రవేశిక

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ కూడలి దాటి సాగే రహదారి సూర్యాపేట, మునగాలల మీదుగా విజయవాడ చేరుతుంది. 1948 సెప్టెంబరు 13న ‘ఆపరేషన్ పోలో’ ఆరంభమైనప్పుడు మేజర్ జనరల్ ఎ.ఎ.రుద్ర నాయకత్వంలోని తూర్పు దళం విజయవాడ వైపు నుంచి ఈ బాటనే పట్టింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న హైదరాబాద్ సేనాని ఎడ్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్.చౌదరికి లొంగిపోయాడు, చౌదరి సైనిక గవర్నరయ్యాడు. సైనిక చరిత్రలో ఈ కథ ఐదు రోజులది. తెలంగాణ పల్లెకు అది 1951 అక్టోబరులో సాయుధ పోరాట విరమణ దాకా కొనసాగింది. ఆ మూడేళ్లను తెలుగు సాహిత్యం ఏ ప్రక్రియలో నమోదు చేసిందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

వెనుకరంగం: ఒక వివరణ

సేన ముందుకు సాగిపోయాక, అదుపులోకి వచ్చిన ప్రాంతంలో దారులను, సరఫరాలను కాపాడుతూ ప్రతిఘటనను అణచే పని మిగులుతుంది. రెండవ ప్రపంచయుద్ధంలో సోవియట్ భూభాగంలో జర్మనీ ఇందుకు ప్రత్యేక భద్రతా డివిజన్లను నియమించింది. వాటి పత్రాల్లో ఎదిరించినవారూ నిరాయుధ గ్రామస్థులూ తరచు ‘బందిపోట్లు’గానే లెక్కకెక్కారు. ఆ నిర్మూలన యుద్ధంతో తెలంగాణను సమానం చేయడం చారిత్రకంగా తప్పు. అయితే ఒక లక్షణం పోల్చదగినది: వెనుకరంగపు లిఖిత చరిత్ర ప్రధానంగా క్యాంపు నడిపినవారిది, క్యాంపుకు పిలిపించబడినవారి మాట అందులో అరుదు.

నవల ఆగిన చోటు

బొల్లిముంత శివరామకృష్ణ ‘మృత్యుంజయులు’ 1947లో వెలువడింది. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ 1955లో అచ్చయినా, దాని కథాకాలం పోలీసు చర్యకు ముందటిదే. ఆయన ‘గంగు’ అసంపూర్ణంగా మిగిలింది. దాశరథి రంగాచార్య ‘జనపదం’ ఈ హద్దును దాటినా, నవలకు బలమైన ఇతివృత్తం దొర-రజాకార్ల కాలమే. అప్పుడు శత్రువు స్పష్టం. 1948 తరువాత వచ్చినది స్వతంత్ర దేశపు సైన్యం. రజాకార్ల పీడ వదిలించినదీ, కమ్యూనిస్టుల కోసం ఊళ్లు గాలించినదీ అదే. ఈ ద్వంద్వాన్ని ఇముడ్చుకొనే కథానిర్మాణం నవలకు సులభంగా దొరకలేదని భావించవచ్చు.

స్వీయకథనం, మౌఖిక సాక్ష్యం

ఆ ఖాళీని మొదట పూరించినవి నాయకుల రచనలు. పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో సుమారు 4,000 మంది మరణించారనీ, 10,000 మందికి పైగా నిర్బంధానికి గురయ్యారనీ, కనీసం 50,000 మందిని పోలీసు, మిలిటరీ క్యాంపులకు ఈడ్చుకువెళ్లి హింసించారనీ పేర్కొన్నారు. ఇది ఉద్యమపక్షపు లెక్క. విస్తృతి తెలుస్తుంది గాని, పార్టీ ఉమ్మడి స్వరంలో ఒక్కొక్కరి అనుభవం కరిగిపోతుంది.

స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఆ అనుభవాన్ని మాట్లాడే భాషలోనే వినిపించింది. అడవిలో పసిబిడ్డ ఏడిస్తే దళం జాడ బయటపడుతుంది. బిడ్డను ఇతరులకు అప్పగించవలసి వచ్చిన కమలమ్మ కథనంలో భద్రతా వ్యూహం ఒడిలోకి చొరబడుతుంది. విరమణ తరువాత స్త్రీలను తిరిగి ఇంటికే పరిమితం చేసిన ఉద్యమాన్ని కూడా ఆ కథనాలు ప్రశ్నించాయి. కనుక వీటిని సైన్యంపై అభియోగపత్రంగా మాత్రమే చదవడం చాలదు. మూడు దశాబ్దాల తరువాతి జ్ఞాపకం కావడం, సేకర్తల ప్రశ్నలకు జవాబుగా రూపొందడం వీటి పరిమితులు. అయినా క్యాంపు పత్రం చెప్పని దానికి ఇవే ఆధారం.

మరొక మౌనం

పండిట్ సుందర్‌లాల్ కమిటీ సంస్థానంలో ఆ రోజుల్లో మరణించినవారి సంఖ్యను కనీసం 27,000 నుంచి 40,000గా అంచనా వేసింది. మృతుల్లో అత్యధికులు ముస్లింలు. హింస ప్రధానంగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాలలోనిది. నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. తెలుగు పాఠ్యాలతోనే ఆ కాలాన్ని పూర్తి చేయబూనితే ఈ మౌనం మరింత బిగుస్తుంది. ఉర్దూ, మరాఠీ, కన్నడ కథనాలతో తులనాత్మక పఠనం అందుకే అవసరం.

ముగింపు

విమోచనమా, విలీనమా, ఆక్రమణా అనే వివాదం సెప్టెంబరు 17 చుట్టూనే తిరుగుతోంది. దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ కేంద్రాల్లో పోటీ పరీక్షల అభ్యర్థులు నేర్చేదీ ముందుగా ఆ తేదీనే. ఏ పదాన్ని ఎంచుకున్నా, 18వ తేదీ తరువాత ఊరికి ఏమైందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ ప్రశ్నకు సాక్ష్యం ఎక్కువగా నవలలో గాక మౌఖిక కథనంలో లభిస్తున్నది. దానిని చరిత్రకు అనుబంధంగా కాక, సాహిత్య ప్రక్రియగానే స్వీకరించి విశ్లేషించడం తెలుగు విమర్శ బాధ్యత.